కళ్ళద్దాల సారు కొన్న ఆవు

అలిపిరి కాడ టెంకాయ కొన్నా, బస్టాండు ముందర టీ తాగినా, ఫోను అట్ల చూపించి ఇట్ల పోతా ఉండారు మీరు. మంచిదే. నేనూ అట్లనే పోతా ఉండాను. అయితే టీ అంగడిలో ఆ డబ్బా నోరు తెరిచి "ఇంత వచ్చింది" అని చెప్పినప్పుడల్లా నాకు ఒక ఆవు గుర్తుకొస్తాది, నవ్వొస్తాది. పక్కన నడిచే మా ఇంటామె "మళ్ళా ఆ ఆవేనా?" అంటాది. మళ్ళా ఆ ఆవే.

నేను బ్యాంకులో చేసి రిటైరయినోణ్ణి. ఆఖరి పోస్టింగు చిత్తూరులో. జిల్లాలో ఉండే బ్యాంకులన్నిట్నీ ఒక తాటి మీద నడిపించేది నా పని అని కాగితం మీద ఉండేది. కాగితం మీద చానా ఉంటాయి. నిజానికి నా పని మీటింగులు పెట్టడం, ఆ మీటింగులకు రాని వాళ్ళను ఫోన్లో బతిమిలాడుకోవడం. అట్ల బతిమిలాడతా బతిమిలాడతా రిటైరయిపోతాననే అనుకున్నాను. ఆ టైములో వచ్చింది ఈ పని.

బ్యాంకులకంతా పైన ఒక ఆఫీసు ఉంటాది గదా, నియమాలు రాసేది, తప్పు చేస్తే చెవి మెలిపెట్టేది. ఆ ఆఫీసూ, బ్యాంకులూ, ఫోన్లో దుడ్డు పంపించే కంపెనీలూ ఒకటిగా కూర్చొని దేశమంతటికీ ఒక కొత్త దోవ వెయ్యాలని పూనుకున్నారు. స్మార్టు ఫోను ఉండేవాళ్ళకు దోవ ఎప్పుడో పడింది. బటన్ల ఫోను వాళ్ళ గతేంది? ఇంటర్నెట్టు అందని తావుల గతేంది? ఒక నంబరుకు మామూలుగా ఫోన్ చేస్తే దుడ్డు పోవాల, అదీ ఆలోచన. కొన్ని చోట్ల పెట్టి చూస్తారు. జనం వాడితే దేశమంతా ఉంటాది, వాడకపోతే బటన్ల ఫోను దోవ అంతటితో మూసేస్తారు.

మా జిల్లాలో యాడ పెట్టాల అని అడిగితే అందరూ తిరుపతి బజారు అన్నారు. నేను ఒక్కణ్ణే పశువుల సంత అన్నాను. తమిళనాడుకు ఆనుకొని జరిగే వారపు సంత అది. ఆడ ఇంటర్నెట్టు గాలికొచ్చి గాలికి పోతాది, ఫోన్ కాల్ మాత్రం పోతాది. అవతల అరవ పక్క గుడియాత్తం నుంచి కూడా కొనేవాళ్ళు లారీలేసుకొని వస్తారు. సంత మీద నేను అంత పట్టు పట్టడానికి కారణం వేరే ఉండాది. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు మా నాయన ఆ సంతలోనే ఎద్దుల జత అమ్మి, దుడ్డు పంచె మడతలో దోపుకొని బస్సెక్కినాడు. ఊర్లో దిగి చూసుకుంటే మడత బ్లేడుతో కోసేసి ఉండాది. ఇంటికొచ్చి నీళ్ళడిగినాడు, తాగినాడు, పండుకున్నాడు. ఎంత పోయిందని మాయమ్మ అడిగి అడిగి చాలించుకునింది. ఆయన పోయేదాకా చెప్పలేదు. సంతలో అమ్మిన దుడ్డు బస్సెక్కకుండా నేరుగా ఖాతాలోకి పోవాల, నా సర్వీసులో ఆ ఒక్కటి చూస్తే చాలు అనుకున్నాను.

పై ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చినాడు. గోదావరి పక్కోడు, సన్నటి మనిషి, కళ్ళద్దాలు. గొంతెత్తి మాట్లాడింది నేను చూడలేదు. ఆయనకొక అలవాటు, చెయ్యి కలపడం. వచ్చేటప్పుడు కలుపుతాడు, పోయేటప్పుడు కలుపుతాడు, టీ తెచ్చినాయనకు థాంక్యూ చెప్పి ఆయన చేతిని కూడా పట్టుకొని ఊపుతాడు. టీ ఆయన బిత్తరపోయి నన్ను చూస్తాడు. ఈ అలవాటు గుర్తు పెట్టుకోండి.

కంపెనీలు రెండు. తిరుపతిలో ఒక లాడ్జి హాలు తీసుకుంటే ఆ మూల ఒక కంపెనీ, ఈ మూల ఒక కంపెనీ, ఒకరి ల్యాప్‌టాప్ ఒకరికి కనపడకుండా తిప్పి పెట్టుకొని కూర్చునేవాళ్ళు. కొనేవాడి ఫోను ఒకరి కింద, అమ్మేవాడి డబ్బా ఇంకొకరి కింద. ఇద్దరూ కలవందే దుడ్డు చేరదు. ఒకే వంటింట్లో పొయ్యి ఒకరిదీ గిన్నె ఒకరిదీ అయినట్టు ఉండేది. వీళ్ళందరి మధ్య నడిచేది ఒక ఇంజనీరు పిల్ల. బెంగళూరులో ఉద్యోగం గానీ పుట్టింది తమిళనాడు అంచున ఉండే తడలో. తెలుగు ఎంత గడగడా మాట్లాడతాదో అరవం అంత గడగడా మాట్లాడతాది. "అంకుల్, ఈళ్ళను ఒక బెంచీ మీద కూర్చోబెడితే సగం పని అయిపోతాది" అనేది.

వాళ్ళు కట్టింది ఏమంటే, కొనేవాడు నంబరుకు ఫోన్ చేసి ఎంత పంపాలో ఆ మొత్తం నోటితో చెప్పాల. చదువు రాకపోయినా పర్వాలేదు, మాట్లాడితే చాలు. అమ్మేవాళ్ళ పక్కనుండే డబ్బా "ఇన్ని వేలు వచ్చినాయి" అని గట్టిగా చెప్పాల. అమ్మేవాళ్ళకు మొత్తం తెలియజెయ్యడం నియమం. హాల్లో చేసి చూపిస్తే అందరం చప్పట్లు కొట్టినాము. నేనూ కొట్టినాను, సంతలో పుట్టి పెరిగినోణ్ణయ్యుండి కూడా.

మొదటి సంత పొద్దు ఆ డబ్బా ఒక్కసారే అరిచింది. సరిపోయింది.

పశువుల సంతలో ధర నోటితో చెప్పరు. ఇది మీకు తెలియకపోతే చెప్తాను వినండి. దళారి కొనేవాడి చెయ్యి పట్టుకుంటాడు, పైన తువ్వాలు కప్పుతాడు. తువ్వాలు కింద వేళ్ళతో బేరం. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, అయిదూ కలిపి పట్టుకుంటే అయిదు, వేలు సగానికి మడిస్తే సగం. పైన మొగాలు మాత్రం ఏమీ ఎరగనట్టు, ఎండ గురించో వాన గురించో మాట్లాడతా ఉంటాయి. బేరం కుదిరితే తువ్వాలు కింద చెయ్యి గట్టిగా పట్టి ఊపుతారు, తువ్వాలు తీసేస్తారు. ఇంగ దేవుడొచ్చి చెప్పినా మాట మారదు. ఒకరి ధర ఇంకొకరికి తెలిస్తే పక్కనుండే ఆవు ధర ఆ మాటతోనే పడిపోతాది. అందుకు ఆ తువ్వాలు.

ఆ సంతలో ఎవరో మొగమాటానికి మా పద్ధతిలో దుడ్డు పంపినారు. డబ్బా ఆడగొంతుతో, స్పష్టంగా, ఒక ఆవు ధర సంతంతా వినపడేట్టు చెప్పేసింది. అప్పటిదాకా గోలగోలగా ఉన్న సంత ఒక్కసారిగా సద్దుమణిగింది. తర్వాత తిట్లు మొదలైనాయి. పెద్ద దళారి ఒకాయన ఉన్నాడు, పక్కా ముదురు, నవ్వితే ఒక పక్కే నవ్వుతాడు. ఆయన నిదానంగా వచ్చి డబ్బాను రెండు చేతులా ఎత్తి, గడ్డి మోపు కింద పెట్టి, పైన ఇంకొంచెం కసువు వేసినాడు.

"ఏమప్పా, మీ డబ్బాకు గుట్టు తెలీదా?" అన్నాడు నాతో. "నోటితో చెప్పేటట్టయితే మాకు తువ్వాలెందుకు?"

ఆ మాపు హాల్లో మొగాలు చూడలేకపోయినాను. కంపెనీ పెద్దలు "ఈ సంత వొద్దు, బజారుకు పోదాం" అన్నారు. కళ్ళద్దాల సారు మాత్రం మెల్లగా చెప్పినాడు. "వచ్చే సంతే ఆఖరు. ఆ తర్వాత నేను నివేదిక రాసేయాలండీ. వాడకపోతే వాడలేదనే రాస్తాను." ఆయన మంచోడే, దాపరికం లేదు.

తెల్లారి పొద్దున్నే పోయి పెద్ద దళారిని బండెక్కించుకొని తిరుపతి హాలుకు తీసుకొచ్చినాను. రానంటే రానన్నాడు. కొండ మీద దర్శనం చేయిస్తానంటే కదిలినాడు. హాల్లో ఆయన ఏమీ వివరించలేదు. ఒక కంపెనీ మేనేజరునూ ఇంకో కంపెనీ మేనేజరునూ ఎదురెదురుగా నిలబెట్టి, ఇద్దరి చేతుల మీద తువ్వాలేసి, "ఇప్పుడు నీ కంపెనీ ఈయప్పకు అమ్ము" అన్నాడు. అన్నాళ్ళూ ఒకరి మొగం ఒకరు చూడనోళ్ళు చేతులు పట్టుకొని నవ్వడం మొదలుపెట్టినారు. హాలంతా నవ్వింది. ఆ నవ్వులో తడ పిల్ల లేచి "నోటితో వొద్దు సార్, బటన్లు నొక్కిద్దాం. తువ్వాలు కిందనే నొక్కుకుంటారు. డబ్బా ఎంతని చెప్పొద్దు, చేరిందని చెప్తే చాలు" అనింది.

"నియమం?" అన్నారు ఎవరో. అందరం సారు పక్క తిరిగినాము. ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచినాడు, మళ్ళా పెట్టుకున్నాడు. "తెలియజెయ్యాలని ఉందండీ. ఊరందరికీ తెలియజెయ్యాలని లేదు. అమ్మినవారి చెవిలో ఫోన్ చెప్తుంది, ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. డబ్బా ఊరుకోవచ్చు." అబ్బా, నా సర్వీసంతా నియమాలు చదివినాను గానీ, నియమం మనిషి పక్కకొచ్చి కూర్చోవడం ఆ పొద్దే చూసినాను.

ఆ వారం ఎట్ల గడిచిందో చెప్పలేను. రెండు కంపెనీలూ బెంచీలు దగ్గరికి జరుపుకున్నాయి. ఒకడి ల్యాప్‌టాప్‌లో ఇంకొకడు వేలు పెట్టి చూపించేదాకా వచ్చింది. టిఫిన్లు కలిసి తెప్పించుకున్నారు. దోసెలు చల్లారిపోయినా ఎవరికీ పట్టలేదు. డబ్బా గొంతు ఎవరిది పెట్టాలని వాదన వస్తే తడ పిల్లే రికార్డు చేసింది, మన యాసలో, "దుడ్డు చేరింది" అని. ఎన్నిసార్లు విన్నా నాకు ఇంకోసారి వినాలనిపించింది. రిటైరుమెంటు ముందర పెట్టుకొని ఉద్యోగంలో చేరిన మొదటి నెల మాదిరి పొద్దున్నే తయారై కూర్చునేవాణ్ణి.

ఆఖరి సంత వచ్చింది. డబ్బాలు పెట్టినాము. ఒక్కరూ రాలేదు.

పొయ్యిన వారం అరిచిన డబ్బా అంటే ఎవరు నమ్ముతారు? "ఇప్పుడు అరవదప్పా" అంటే, "ముందు మీరు పోండి" అన్నట్టు చూస్తారు. ఎండ నడినెత్తికొచ్చింది. గుడియాత్తం లారీలు నిండతా ఉండాయి, అంతా నోట్ల కట్టలే. నేను సంతలో ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగినాను. మా నాయన ఎద్దులు కట్టేసిన తావు యాడుందో వెతికినాను, ఆనవాలు లేదు. మేనేజర్లు కారు నీడలో కూర్చున్నారు. అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు సారు పెద్ద దళారి కాడికి పోయి, "ఆ వేళ్ళ లెక్క నాకు సరిగ్గా అర్థం కాలేదండీ, ఒకసారి నేర్పిస్తారా?" అన్నాడు. పని లేనోడికి పాఠం దొరికింది. దళారి ఆ పక్కనే ఒకాయమ్మ పట్టుకొని నిలబడిన నల్లావును చూపించి, "సరే, ఈ ఆవు అనుకోండి సార్" అని తువ్వాలు తీసి సారు చేతి మీద కప్పినాడు. నేర్పతా ఉన్నాడు, సారు తల ఊపతా ఉన్నాడు. చుట్టూ పదిమంది చేరినారు. బాగా అర్థమైంది కాబోలు, సారు మొగం వెలిగింది. "చాలా థాంక్సండీ" అని, తువ్వాలు కిందనే, దళారి చెయ్యి గట్టిగా పట్టుకొని ఊపినాడు.

దళారి తువ్వాలు తీసేసినాడు. "అయింది" అన్నాడు.

"ఏం అయింది?" అన్నాడు సారు.

"బేరం."

చుట్టూ ఉన్నోళ్ళు అప్పుడే మెచ్చుకోవడం మొదలుపెట్టినారు. దళారికి తన ధర ముందే చెప్పుకొని ఉన్న ఆయమ్మ ఆవు మెడలో ఉన్న తన పలుపు విప్పుకునింది. అమ్మిన ఆవుతో పాటు ఇంటి పలుపు ఇయ్యరు. ఇంటి లక్ష్మి పోతాదని నమ్మకం. కొన్నోడే కొత్త పలుపు తెచ్చుకోవాల. సారు నన్ను పక్కకు లాగినాడు.

"నేను కొన్నట్టేనా?"

"కొన్నట్టే సార్."

"నేను నేర్చుకుంటున్నానండీ. ఇది నిబంధనలకి..."

"మీ నిబంధనలు వేరే సార్, తువ్వాలు నిబంధనలు వేరే."

దళారిని అడిగితే "సారు చెయ్యి ఊపినాడు, నేనేం చేసేది?" అన్నాడు. ఆ ఒక పక్క నవ్వు మాత్రం దాచుకోలేకపోయినాడు. వీడు కావాలనే చేసినాడా అని నాకు ఈ పొద్దుకీ అనుమానమే. కావాలని చేసి ఉంటే వాడి నోట్లో చక్కెర పొయ్యాల.

నేను ఆయమ్మ కాడికి పోయి, "అమ్మా, సారు సంగతి తెలీక..." అని నసిగినాను.

"నాకర్థమైంది నాయనా" అనింది ఆయమ్మ. "అయితే బేరం చెడిన ఆవును ఈ పొద్దు ఇంగెవురు ముట్టుకుంటారు? సుడి బాగలేదేమో, తంతాదేమో అనుకుంటారు. వచ్చే సంతలో కూడా ఇదే మాట అంటారు. నేను దీన్ని తోలుకొని యాడికి పోవాల?" కోపంగా అనలేదు. పలుపు చేతికి చుట్టుకుంటా, ఉండే మాట చెప్పింది. ఆమె రైక పక్కన ఒక బటన్ల ఫోను దోపుకొని ఉండాది. నా కంట్లో పడింది, సారు కంట్లోనూ పడింది.

"రేపు పంపియ్యండి సార్, మీ మీద నమ్మకముండాది" అన్నాడు దళారి, కొంచెం తగ్గి.

సారు తల అడ్డంగా ఊపినాడు. జేబులోంచి తన బటన్ల ఫోను తీసినాడు. పరీక్ష మొదలైనప్పట్నుంచీ తన సొంత ఖాతాకు కలుపుకొని జేబులో పెట్టుకొని తిరగతా ఉన్నాడు గానీ, ఒక్కసారీ వాడలేదు. "పరీక్ష పెట్టేవాడు పరీక్ష రాయకూడదంటారు" అన్నాడు. "కానీ ఆవు నాది, ఖాతా నాది. తువ్వాలు ఇటివ్వండి."

తడ పిల్ల ఉరికొచ్చి ఆయమ్మ ఖాతాను అప్పటికప్పుడు కలిపింది. మేనేజర్లు ఇద్దరూ నీడలోంచి లేచి పరిగెత్తుకొచ్చినారు. సారు ఫోను చెవి కాడ పెట్టుకొని విన్నాడు, తువ్వాలు కిందికి దించి గుడ్డిగా బటన్లు నొక్కినాడు. తప్పు నొక్కినాడు, కాల్ తెగిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వినారు. మళ్ళా చేసినాడు. విన్నాడు, నొక్కినాడు, విన్నాడు, నొక్కినాడు. నుదుటి మీద చెమట కళ్ళద్దాల మీదికి జారతా ఉంటే తుడుచుకోలేదు.

డబ్బా మాట్లాడలేదు.

అందరం దాన్నే చూస్తా ఉన్నాము. కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు, అరవం వాళ్ళు, మేనేజర్లు భుజం భుజం ఆనించుకొని. ఆయమ్మ ఆవు వీపు మీద చెయ్యి పెట్టి నిలబడింది. పనికిరాకపోతే నివేదిక సంగతి అట్లుంచు, ఈ తల్లి ఆవు మీద మచ్చ పడతాదే అనుకున్నాను. దేవుణ్ణి తలుచుకుందామంటే కొండ ఏ పక్క ఉండాదో కూడా తోచలేదు.

"దుడ్డు చేరింది."

తడ పిల్ల గొంతే, డబ్బాలోంచి. అంతే, ఇంకేమీ చెప్పలేదు. వెంటనే ఆయమ్మ ఫోను మోగింది. చెవి కాడ పెట్టుకునింది. మొత్తం ఆమె ఒక్కదానికే వినపడింది. వింటా వింటా మొగం విప్పారింది, కళ్ళు తుడుచుకునింది, ఫోను మళ్ళా దోపుకునింది.

"ఎంత వచ్చిందమ్మా?" అన్నాడు పక్కన ఎనుము అమ్మే మనిషి, ఊరక అడిగినట్టు.

"చేరింది" అనింది ఆయమ్మ.

సంత గొల్లున నవ్వింది. ఆ నవ్వుతోనే పని అయిపోయింది. డబ్బాకు గుట్టు తెలిసిందని మాట ఆ మూల నుంచి ఈ మూలకు పాకింది. ఎనుము ఆయనే ముందు వచ్చినాడు, ఆయన వెనక గుడియాత్తం వ్యాపారి. ఆయనకు తడ పిల్ల అరవంలో చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకునింది. పొద్దు వాలేదాకా "దుడ్డు చేరింది, దుడ్డు చేరింది" అని సంతంతా వినపడతానే ఉండాది. ఒక్క ధర కూడా బయటికి పొక్కలేదు. ఆ మాపు అమ్మినోళ్ళు బస్సులెక్కతా ఉంటే బస్టాండులో నిలబడి చూసినాను. చేతులు ఊపుకుంటా ఎక్కినారు. ఒక్కరు కూడా నడుము తడుముకోలేదు. నాయనా, చూసినావా అనుకున్నాను. ఏడ్చినాను కూడా, సిగ్గెందుకు.

ఇంగ ఆవు. లాడ్జికి ఆవును తోలుకొని పోలేం గదా. తడ పిల్ల వాళ్ళమ్మకు ఫోన్ చేసి ఒప్పించింది. చిన్న టెంపోలో కొత్త పలుపు కట్టుకొని ఆవు తడకు పోయింది. సారు టెంపో కాడ నిలబడి డ్రైవరు చెయ్యి కలపబోయి, ఆలోచించుకొని, దండం పెట్టినాడు. ఆ తర్వాత నివేదికలో బటన్ల ఫోను దోవ ఉండాలనే రాసినాడు, వాడేవాళ్ళు కావాలంటేనే మొత్తం పైకి చెప్పాల, లేకుంటే చేరిందని చెప్తే చాలు అని కూడా రాసినాడు. మన సంత తువ్వాలు అట్ల పెద్ద కాగితాల్లోకి ఎక్కింది. తువ్వాలు అనే మాట మాత్రం యాడా లేదు.

మీకు నేను చెప్పొచ్చేదేమంటే, కొత్త పిల్లోళ్ళారా, మీటింగు హాల్లో చప్పట్లు పడినాయంటే ఒక్క నిమిషం అనుమానపడండి. వాడేవాళ్ళ మధ్యకు పోయి నిలబడండి. చెయ్యి ఊపేటప్పుడు మాత్రం పైన తువ్వాలుందేమో చూసుకోండి.

ఆ ఆవు ఎంతకు కొన్నాడో ఎవరికీ తెలీదు. ఫోన్ చేసినప్పుడల్లా అడిగేవాణ్ణి. "ఆవు ఈనిందండీ, పెయ్య పుట్టిందట" అనేవాడు గానీ ధర మాట ఎత్తడు. దళారిని అడిగితే ఆ ఒక పక్క నవ్వే.

పొయ్యిన నెల ఆయన కూడా రిటైరై, దర్శనం చేసుకొని కొండ దిగి మా ఇంటికొచ్చినాడు. కాఫీ తాగినాడు. "ఇప్పుడన్నా చెప్పండి సార్, ఉద్యోగాలు లేవు, నియమాలు లేవు" అన్నాను. ఆయన నా భుజం మీద తువ్వాలు లాక్కొని, నా చెయ్యి పట్టుకొని పైన కప్పినాడు. ఒక్కొక్క వేలే పట్టినాడు, తప్పు లేకుండా, నిదానంగా. ఆ లెక్క నాకు నేర్పింది మా నాయన. ఆయన తర్వాత నా వేళ్ళకు ఆ భాష ఎవురూ చెప్పలేదు. సారు చెయ్యి విడిచినా కాసేపు నా చెయ్యి ఆడనే పెట్టుకొని కూర్చున్నాను.

మా ఇంటామె లోపల్నుంచి వచ్చి, "ఎంతంట?" అనింది.

"చేరింది" అన్నాను.